దిగని పొర

వైజయంతి మూడు గ్లాసుల్లో కాఫీ పోసింది.

పెళ్లయి ఇరవై రెండో రోజు. సముద్రం మీద తేలే కొత్త భీమిలిలో, నలభయ్యో అంతస్తు వంటింట్లో, నురగ అంచు దాటకుండా పోయడం ఆమెకు కొత్తగా దొరికిన సంబరం. దాటకపోతే భర్త మణికట్టు మీద వేలితో రెండుసార్లు తడుతుంది. అది పెళ్లయ్యాక పుట్టిన అలవాటు.

"మూడోది ఎవరికోయ్?" అన్నాడు ప్రద్యుమ్న.

"ఆవిడకి. నిన్న కొత్త పొర వేసినప్పటి నుంచి నాతోనే ఉందిగా. పాపం, ఏమీ తినలేదు."

అతని చేతిలో దోసె ముక్క ఆగిపోయింది.

ఆ రోజుల్లో ప్రతి మనిషికీ చెవి వెనక జ్ఞాపకపొర ఉండేది. చూసింది, విన్నది అందులోనే నిలిచేది. ఏటా కొత్తది వేసేవారు. వరస మాత్రం తప్పకూడదు. ముందు కొత్తది ఎక్కాలి, తర్వాతే పాతది దిగాలి. పాతది ముందే తీస్తే, కొత్తది అతుక్కునేలోగా మనిషి ఖాళీ అయిపోతాడు. కొత్తది ఎక్కాక, అదే ఇంటిపేరు మీదున్న పాత పొరను యంత్రం వెతికి, అందులోని జ్ఞాపకాలను కొత్తదానికి అప్పగించి, దాన్ని దింపేసేది.

పొరల కేంద్రంలో ప్రద్యుమ్న పని అదే. పెళ్లినాటి మురిపెంలో, తాము కలిసిన రోజు నుంచి ఆమెకున్న జ్ఞాపకాలన్నిటినీ అతను తన ఇంటిపేరు కిందికి మార్చాడు. "ఇప్పుడు నువ్వు పూర్తిగా వాడపల్లి వారి అమ్మాయివి!" అన్నాడు. "అబ్బో!" అని ఆమె పకపకా నవ్వింది.

నిన్న ఆ జ్ఞాపకాలతోనే వాడపల్లి పేరు మీద కొత్త పొర ఎక్కింది. యంత్రం అదే పేరు మీద పాత పొర కోసం వెతికింది. కనిపించలేదు. దేన్నీ దింపలేదు.

"నిమిషం పని. చేత్తో దింపేస్తా," అంటూ ప్రద్యుమ్న పొరతీత పరికరం అందుకున్నాడు. అంతలోనే గుర్తొచ్చింది, చేత్తో దింపితే అందులోవి కొత్తదానికి చేరవని. ఆమె బాల్యం, చనిపోయిన తల్లి గొంతు, అన్నీ ఆ పాత పొరలోనే, ఆమె పుట్టింటి చిట్టిమళ్ల వారి పేరు మీదే ఉండిపోయాయి.

"ఏంటి, ఆగిపోయావ్?"

"ఇది తీస్తే మీ అమ్మ గొంతు కూడా పోతుంది, వైజూ."

"అయితే తీయకు," అని ఇంకేదో అనబోయి ఆగింది.

ఆమె వెన్ను నిటారుగా అయింది. చున్నీ సర్దుకుని కుర్చీ అంచున కూర్చుంది. ఆ ఇంటిని మొదటిసారి చూస్తున్నట్టు చూసి, మూడో గ్లాసు తన ముందుకు జరుపుకుంది.

"పెళ్లిచూపులకి వచ్చింది మీరేనా?"

గొంతు ఆమెదే. మర్యాద మాత్రం పరాయిది.

ప్రద్యుమ్న పొరతీతను ఒళ్లో దాచుకున్నాడు. "అవునండీ."

"ఏం చేస్తుంటారు?"

"జ్ఞాపకాలు సర్దుతుంటానండీ."

ఆమె కాఫీ చివరి చుక్క దాకా తాగింది. అతణ్ణి తేరిపార చూసింది.

"ఏమీ అనుకోకండి. ఈ సంబంధం నాకిష్టం లేదు."

ఆ మాట ఇంకా పూర్తి కాకముందే ఆమె ఎడమచెయ్యి బల్ల మీదుగా మెల్లగా వచ్చి, అతని మణికట్టును రెండుసార్లు తట్టింది.

ఆమె ఉలిక్కిపడి ఆ చేతిని వెనక్కి లాక్కుంది.