కొట్టివేత పక్కన సంతకం

నవంబరు పదో తేదీ, ఆదివారం, ఉదయం పది గంటలు. హాజరైనవారు: అమ్మ, నాన్న, తాతయ్య, కంప్యూటర్ మెకానిక్, బొంగరం. విషయం: ముందుగదిలోని పాత కంప్యూటర్‌ను బాగుచేయించడమా, మార్చడమా?

ఇంతవరకు రాసి తాతయ్య కలం పక్కన పెట్టారు. ఆయన ముప్పై ఏళ్లు కోర్టులో గుమాస్తాగా పనిచేశారు. అందుకే ఆ ఇంట్లో గోడకు రంగు వేయించాలన్నా ముందు కాగితం పుట్టాల్సిందే, అందరూ సంతకం పెట్టాల్సిందే.

బొంగరానికి పదకొండేళ్లు. ఒక్కచోట నిలవదని ఆ పేరు. ఈ వారం ఆమెకో పని అప్పగించారు. రోజూ స్కూలు నుంచి రాగానే కంప్యూటర్ ఆన్ చేసి, అది పనికి సిద్ధం కావడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో నోటుబుక్కులో రాయాలి.

మెకానిక్ పక్కరేకు విప్పి దుమ్ము దులిపాడు. డిస్క్ మారిస్తే మరో మూడేళ్లు ఢోకా లేదన్నాడు. డిస్క్ బీరువా లాంటిదట, ర్యామ్ బట్ట కత్తిరించే బల్ల లాంటిదట. దర్జీ పని చేసే అమ్మకు వెంటనే అర్థమైంది. బొంగరానికి మాత్రం బీరువా, బల్ల, కంప్యూటర్ అన్నీ కలగాపులగం అయ్యాయి.

అంతలో అతను నోటుబుక్కు తెరిచాడు. సోమవారం నాలుగు, మంగళవారం నాలుగు, బుధవారం ఐదు, గురువారం పదకొండు, శుక్రవారం పధ్నాలుగు.

అతని ముఖం మారింది. "రెండు రోజుల్లో ఇంత పెరిగిందంటే లోపలి మదర్‌బోర్డే పోతోందేమో. ఇక డిస్క్ వేయడం దండగ సార్. కొత్తది తీసుకోండి."

బొంగరం ఎగిరి గంతేయాలి. కొత్తది వస్తే రంగుల బొమ్మలు వేసుకోవచ్చని ఎన్నాళ్లుగానో ఆశ. కానీ అమ్మ మెల్లగా అడిగింది. "కొత్తదానికి నా ఎంబ్రాయిడరీ మిషను కలుస్తుందా?"

మెకానిక్ మిషను తాలూకు లావుపాటి కేబుల్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇలాంటి సాకెట్ కొత్తవాటిలో రాదని, ఆ పాత ప్రోగ్రామ్ కూడా నడవదని చెప్పాడు.

"సరేలెండి, చేత్తో కుడతాను" అంది అమ్మ.

బొంగరం అమ్మ వేళ్ల వంక చూసింది. సూది పట్టి పట్టి వాచిపోతున్నాయనే కదా ఆ మిషను కొన్నారు.

గురువారం, శుక్రవారం బొంగరం కంప్యూటర్ ముట్టుకోనేలేదు. చీకటి పడేదాకా ఆడుకుని, పడుకోబోయే ముందు ఏదో అంకె వేసేసింది. అది అంచనాయా, ఆశా? ఎంత ఆలోచించినా తనకే అంతు చిక్కలేదు.

తాతయ్య కలం అందుకున్నారు.

"ఆగు తాతయ్యా. ఆ రెండు రోజులూ నేను చూడలేదు."

"మరి పధ్నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నారు నాన్న.

"తెలీదు నాన్నా. కొత్తది వస్తే బాగుండనుకున్నాను కదా... అలా వచ్చేసింది."

అమ్మ మిషను కేబుల్‌ను మెల్లగా చుట్టసాగింది. దానికన్నా నాలుగు తిట్లే నయమనిపించింది బొంగరానికి.

బొంగరం రబ్బరు వెతికింది. తాతయ్య ఆపారు.

"తుడిపేస్తే ఏం దిద్దావో ఎవరికి తెలుస్తుంది? అడ్డంగా ఒక్క గీత కొట్టు. కింద అంకె కనబడాలి. పక్కన సంతకం పెట్టు. ఎవరి దిద్దుబాటుకు వాళ్లదే సంతకం."

మెకానిక్ రేకు బిగించి కంప్యూటర్ ఆన్ చేశాడు. బొంగరం గోడ గడియారం కింద కదలకుండా నిలబడింది.

"బొంగరం ఆగడం ఇదే మొదటిసారి" అన్నారు నాన్న. ఆమె నవ్వలేదు, ముల్లు మీంచి చూపు తిప్పలేదు.

"నాలుగున్నర" అంది చివరికి.

మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. బోర్డు సంగతి ఇప్పుడే చెప్పలేనని, ముందు డిస్క్ మార్చి చూద్దామని అన్నాడు. తాతయ్య అలాగే రాశారు: డిస్క్ మార్చాలి, బోర్డు సంగతి ఇంకా తెలియదు, నెలరోజులు బొంగరం నిమిషాలు రాయాలి.

"చూడని రోజు ఏం రాయాలి తాతయ్యా?"

"చూడలేదని రాయి."

ఆమె పదకొండు మీద ఒక గీత, పధ్నాలుగు మీద ఒక గీత కొట్టింది. రెండింటి పక్కనా "చూడలేదు" అని రాసి సంతకం పెట్టింది. ఆ పేజీని చింపి తాతయ్య కాగితానికి గుచ్చింది. అందరి సంతకాలూ అయ్యాక, రెండింటినీ కలిపి నాలుగు మడతలు పెట్టి, అమ్మ మిషను సొరుగులో దారపు ఉండల పక్కన దాచింది.