చెయ్యి నొక్కకముందే

పొద్దున్నే తల్లి చిన్నకొడుకు చొక్కాకి గుండీలు పెడుతోంది. రింగులో జనం "కొండచిలువా!" అని ఊగిపోయే ఆ వస్తాదే, మెడకి పట్టీతో కదలక మెదలక కూర్చున్నాడు. ఇంకాసేపట్లో కుస్తీ కంపెనీ డాక్టరు వస్తాడు. మెడ బాగుందని ఆయన సంతకం పెడితే శనివారం మళ్లీ కుస్తీ.

"నొప్పి లేదని చెప్తానమ్మా. నీ నోట్లో నువ్వుగింజ నానదు, కాస్త ఊరుకో."

"నేను ఊరుకుంటాలే. ఊరుకోలేనిది మీ అన్నని తల్చుకుంటేనే!"

టికెట్టు కొన్నవాళ్లకి అన్నదమ్ములిద్దరూ బద్ధశత్రువులు. నిజానికి ఇద్దరూ కూడబలుక్కుని ఆడే ఆటే అది. దెబ్బలు మాత్రం అబద్ధం కావు. తమ్ముణ్ణి తలకిందులుగా ఎత్తి నేలకేసి కొట్టడం పెద్దవాడి పేరుమోసిన పట్టు. తమ్ముడు గడ్డం ఛాతీకి ఆనించి, సిద్ధమేనని ఎడంచేత్తో అన్న మణికట్టు నొక్కాలి. నొక్కాకే అన్న నేలకెయ్యాలి. ఇరవై రోజుల కిందట నొక్కకముందే వేశాడు. మెడ మడతపడి, నాలుక తెగి, వాడు నెత్తురు కక్కుతుంటే జనం ఈలలేశారు. అదీ ఆటే అనుకున్నారు, పాపం!

తలుపు తోసుకుని పెద్దవాడు వచ్చాడు. తల్లి చేతికందిన స్టీలు గ్లాసు విసిరింది. నుదురు చిట్లింది.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావురా?"

"డాక్టరుకి నిజం చెప్పమని అడగడానికొచ్చానమ్మా. వీడు ఇంకోసారి అలా పడితే లేవడు. నేనింక వీణ్ణి ఎత్తను."

"ఎత్తవా?" చిన్నవాడు లేచాడు. "పదేళ్లు నన్ను నేలకేసి బాది పేరు తెచ్చుకుని, ఇప్పుడు ఎత్తవా? ఎత్తరా! ఇక్కడే ఎత్తు!"

మొదటి గుద్దుకి అన్న పెదవి పగిలింది. రెండోదానికి ముక్కు ఎముక పటుక్కుమంది. అన్న చేతులు దించుకునే నిలబడ్డాడు. మూడోది, నాలుగోది. గోడ మీదా గచ్చు మీదా నెత్తుటి చుక్కలు పడ్డాయి. అడ్డం వెళ్లబోయిన తల్లి మధ్యలోనే ఆగిపోయింది. గుద్దులన్నీ కుడిచేతివే. ఎడంచెయ్యి తడిబట్టలా వేలాడుతోంది.

"ఒరేయ్, ఆ చేతికి ఇంకా తగ్గలేదా?"

చిన్నవాడి పిడికిలి గాల్లోనే ఆగింది. "తగ్గలేదమ్మా. ఆ రోజు నొక్కాననే అనుకున్నాను. చేతికే తెలీలేదు."

"వేళ్లు తగిలాయి, బిగియలేదు," అన్నాడు పెద్దవాడు. "జనం అరుస్తుంటే ఆగలేకపోయాను. వాడి చెయ్యి పడిపోతోందని నాకు ముందే తెలుసమ్మా. వాడు మానేస్తే నా ఆటా ఆగిపోతుందని నోరు మూసుకున్నాను."

తల్లి గచ్చు మీద కూలబడింది. మూడు నెలల కిందట, చెయ్యి తిమ్మిరెక్కుతోందని వాడు మొదట చెప్పింది ఆవిడతోనే. "అంత వస్తాదువి, తిమ్మిరికి భయపడతావేంట్రా?" అని నవ్వి, ప్రతి ఆటకీ ముందు నొప్పి మాత్రలు చేతిలో పెట్టింది కూడా ఆవిడే. తన పాపమంతా పెద్దవాడి నెత్తిన రుద్ది, ఇరవై రోజులు గుమ్మం తొక్కనివ్వలేదు.

తలుపు తట్టి డాక్టరు లోపలికొచ్చాడు. పెద్దవాడి మొహం చూసి, "ఇంతకీ చూడాల్సింది ఎవర్ని?" అన్నాడు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను, చెప్పకు! ఆట లేకపోతే నేనెవర్ని?"

"నా కొడుకువిరా!" గట్టిగా ఏడ్చేసిందావిడ. "డాక్టరుగారూ, వీడి ఎడంచెయ్యి చూడండి. మూడు నెలలుగా పనిచెయ్యట్లేదు. మాత్రలు మింగించి ఆడించింది నేనే. సంతకం పెట్టకండి."

డాక్టరు చెయ్యి పరీక్షించి, కాగితం మడిచి సంచిలో పెట్టేసుకున్నాడు. "పదండి, ఆస్పత్రికి. ఇద్దరూ."

చిన్నవాడు అన్న మొహంలోకి చూశాడు.

"ముక్కు విరిగిందా అన్నా?"

"విరిగింది."

"పదేళ్లలో నిన్ను నిజంగా కొట్టడం ఇదే మొదటిసారి."

"బాగానే కొట్టావురా," అని అన్న నవ్వబోయి, నొప్పికి మూలిగి, తమ్ముణ్ణి పొదువుకుని బావురుమన్నాడు.