తలుపు బందుకి నూనె

కూతురు డ్యూటీకి వెళ్ళి రెండు గంటలు దాటింది. తల్లి ఆ గదిలో దుప్పటి దులిపి మడతపెట్టి, కిటికీకి తను కుట్టిన నల్లటి పరదాని పక్కకి లాగింది. వెలుతురు వచ్చి మంచం పక్కనున్న స్టూలు మీద పడింది. దాని మీద గళ్ళ అట్ట నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్సిలు ఉన్నాయి.

ఆ నోటుబుక్కు డిపో నర్సు ఇచ్చింది. కూతురు సిటీ బస్సు నడుపుతుంది. రోజులో మొదటి బండి ఆమెదే. మూడున్నరకి లేవాలి కాబట్టి ఎనిమిదింటికల్లా పడుకుంటుంది. పడుకోవడమైతే పడుకుంటుంది కానీ ఆ నిద్ర అతుకుల బొంతలా ఉంటోంది. నెల క్రితం సిగ్నల్ దగ్గర పచ్చలైటు వెలిగినా బండి కదలకపోతే, కండక్టరు వచ్చి భుజం తట్టాడు. స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉన్నాయట, కళ్ళు మాత్రం మూతపడి ఉన్నాయట.

మధ్యాహ్నం తర్వాత టీ తాగొద్దు, ఫోను గదిలో పెట్టుకోవద్దు, కిటికీకి ముదురు పరదా కట్టుకో, రాత్రి ఎన్ని గంటలకి లేచావో, ఎందుకు లేచావో రాసుకురా అంది నర్సు. నెలాఖరుకి డాక్టరు ఆ పుస్తకం చూసి, ఆమె ఇక బండి నడపొచ్చో లేదో తేలుస్తారు.

ఇంట్లో అందరూ ఆ మాటలు శ్రద్ధగా పాటించారు. అల్లుడైతే మంచమే వదులుకున్నాడు. అతను వీధి మొదట్లో చిన్న షాపు పెట్టుకుని కాలిపోయిన మోటార్లకి వైరు చుడతాడు.

"మీ గురక వింటుంటే షాపులో మోటార్లన్నీ ఒక్కసారే ఆన్ చేసినట్టుంది" అంది భార్య.

"మోటారైతే విప్పి బాగుచేసేవాణ్ణి. ముక్కుని ఎక్కడని విప్పను?" అని నవ్వి, దిండు చంకలో పెట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు. అది జరిగి మూడు వారాలైంది. అయినా ఆమెకి నిద్ర కుదరలేదు.

తల్లి నోటుబుక్కు తెరిచింది. ఆమె బడికి వెళ్ళలేదు. కుట్టడానికిచ్చిన బట్టలకి గుచ్చిన కొలతల చీటీల మీద ముందు అంకెలు, తర్వాత అక్షరాలు తనంతట తనే నేర్చుకుంది. ఇప్పటికీ పదం కింద వేలు పెట్టి చదువుతుంది.

'పదింపావు. పన్నెండున్నర. రెండు గంటలు.' ఆ కింద ఇంకో తేదీ. 'పది. పన్నెండూ నలభై. రెండు దాటాక.' పేజీ తిప్పితే మళ్ళీ అవే వేళలు. 'ఎందుకు లేచావు' అన్న గడిలో ప్రతిరోజూ ఒకటే మాట: 'తెలియదు.'

ఆమె వేలు ఆ మాట దగ్గర ఆగిపోయింది. కూతురికి తెలియదు కానీ ఆమెకి తెలుసు. అవి తను లేచే వేళలు.

భర్త పోయి, కూతురింటికి వచ్చి తొమ్మిది నెలలైంది. అప్పటినుంచీ రాత్రి మూడుసార్లు ఆమె ఈ గదికి వస్తోంది. తలుపు కిర్రుమనకుండా ప్రతి ఆదివారం కుట్టుమిషన్ నూనెడబ్బాతో బందులకి రెండేసి చుక్కలు వేస్తుంది. చెప్పుల్లేకుండా వచ్చి, కూతురి ముక్కు దగ్గర వేలు పెడుతుంది. వెచ్చటి ఊపిరి తగిలాక వెనక్కి వెళ్తుంది. అప్పుడు గానీ తనకి కాస్త కునుకు పట్టదు. కూతురు ఎప్పుడూ కళ్ళు తెరవలేదు. కాస్త కదిలి అటు తిరిగేది, అంతే. కూతురు మేలుకునేసరికి తను వెళ్ళిపోతోందన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టలేదు.

"అత్తయ్యా, టీ చల్లారిపోతోంది" హాల్లోంచి అల్లుడు కేకేశాడు.

"వస్తున్నా నాయనా."

పుస్తకం మూసి ఎలా ఉన్నదాన్ని అలా పెట్టింది. టీ తాగుతున్నంతసేపూ తేలుకుట్టిన దొంగలా తలెత్తలేదు. ఈ రాత్రి వెళ్ళకూడదు అని గట్టిగా అనుకుంది. మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని పడుకుంది. పది దాటింది, ఓర్చుకుంది. పన్నెండున్నర అయ్యేసరికి గుండెలు ఎంతగా కొట్టుకున్నాయంటే, కాళ్ళు వాటంతటవే లేచి నడిచాయి.

మర్నాడు రాత్రీ అదే జరిగింది. ఆ తెల్లారి తొమ్మిదింటికే కూతురు ఇంటికి వచ్చేసింది. మధ్యాహ్నం రావలసిన మనిషి. యూనిఫాం మీదే వచ్చి కుర్చీలో కూలబడింది.

అల్లుడు షాపుకి బయల్దేరబోతున్నవాడు ఆగాడు. "ఏమైంది?"

"బండి తీసేసుకున్నారు."

"నెలాఖరు దాకా టైముందన్నారుగా?"

"స్టాపు దగ్గర ఇనప స్తంభానికి రాసేశాను. అద్దం పగిలింది. పక్కనే ఒక ముసలాయన సంచీ పట్టుకుని నిలబడ్డాడు. జానెడు దూరమండీ! జానెడు ఇటు వచ్చుంటే..." ఆమె చేతులు చూసుకుంది. "కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. కానీ స్తంభం కనబడలేదు."

"నీకేం దెబ్బ తగల్లేదుగా?"

"నా సంగతి వదిలేయండి. రేపట్నుంచి ఆఫీసులో కూర్చుని టికెట్ల కట్టలు సర్దమన్నారు. డాక్టరు ఒప్పుకోకపోతే ఇంక ఎప్పటికీ అదే పని. పన్నెండేళ్ళు నడిపానండీ. ఒక్క గీత పడలేదు నా బండికి."

"ఊరుకో. ఏదో దారి దొరక్కపోదు."

ఆమెకి కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఎదురుగా ఉన్నది మొగుడే. "మీకేం, ఎన్నయినా చెప్తారు! కుంభకర్ణుడు కూడా మీ ముందు దిగదుడుపే. హాల్లో పడుకున్నా గోడలు అదురుతున్నాయి. మనిషి నిద్ర పాడవుతోందని ఒక్కరోజైనా చూపించుకున్నారా డాక్టరుకి?"

అతను వెనక్కి తిరిగాడు. హాల్లో చుట్టిపెట్టిన చాప తీశాడు. దిండు తీశాడు.

"ఇవాళ్టినుంచి షాపులో పడుకుంటాను. నీ బండి నీకు తిరిగొచ్చేదాకా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అలసట మాత్రం ఉంది. "వెళ్ళొస్తానత్తయ్యా."

వంటగది గుమ్మంలో నిలబడ్డ తల్లికి ఆ మాటతో లోపల ఏదో తెగినట్టయింది. ఒక మనిషి దిండు పట్టుకుని గడప దాటుతున్నాడు, తను చేసిన తప్పుకి.

"నాయనా, ఆగు. ఆ దిండు కింద పెట్టు."

"ఎంత దూరమండీ, వీధి మొదట్లోనేగా..."

"నీ గురక కాదు బాబూ. నేను."

కూతురు తలెత్తింది. "నువ్వేంటమ్మా?"

"నిన్ను లేపుతున్నది నేనే. పదింటికి, పన్నెండున్నరకి, రెండింటికి. వచ్చి చూసి వెళ్తున్నాను."

"ఏం చూస్తున్నావు?"

"ఊపిరి ఉందా లేదా అని."

కూతురి చూపు గదిలో స్టూలు మీదికి వెళ్ళింది.

"నోటుబుక్కు చదివావా?" అంది కూతురు నెమ్మదిగా.

"మొన్న చదివాను."

"మొన్న తెలిసిందా నీకు? తెలిసి, నిన్న రాత్రి కూడా వచ్చావా?"

"వచ్చాను."

కూతురు లేచి నిలబడింది. "నా వెనకాల యాభై మంది కూర్చుంటారమ్మా! పిల్లలుంటారు, చంటిబిడ్డల తల్లులుంటారు. నా కళ్ళని నమ్ముకుని వాళ్ళు కునుకుతారు. ఇవాళ ఆ ముసలాయనకి ఏమైనా అయ్యుంటే? ఒక్క మాట చెప్పొచ్చుగా! ఈయన్ని హాల్లోకి తరిమేస్తే చూస్తూ ఊరుకున్నావు. అంతగా ఏం పుట్టి మునిగింది నీకు?"

"ఊరుకోవే, పెద్దావిడ" అన్నాడు అల్లుడు.

"తిట్టనీ నాయనా. తిట్టాల్సిందే." తల్లి గుమ్మానికి ఆనుకుని అలాగే కిందకి జారి కూర్చుంది. చీరకొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. "మీ నాన్న పోయిన రాత్రి నేను నిద్రలో ఉన్నాను, నాకేం తెలియదు అని అందరికీ చెప్పాను. అది అబద్ధం."

కూతురు కదల్లేదు.

"దీపం ఆర్పాక 'నిద్రపోయావా?' అన్నారు. నేను మెలకువగానే ఉన్నాను. ఆరోజు పొద్దస్తమానం మిషన్ తొక్కాను, పిక్కలు పీకేస్తున్నాయి. పలికితే మంచినీళ్ళు ఇమ్మంటారో, కిటికీ వెయ్యమంటారో, మళ్ళీ లేవాలి కదా అని కళ్ళు మూసుకుని ఊరుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. కాసేపటికి నాకు నిజంగానే నిద్రపట్టేసింది. ఎంత మంచి నిద్రనుకున్నావు! నా జన్మలో అలాంటి నిద్ర పోలేదు. తెల్లారి లేచి, ఇంకా లేవలేదేంటని చెయ్యి పట్టుకుంటే..."

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏమడగాలనుకున్నారో! నొప్పిగా ఉందని చెప్పబోయారో! మంచినీళ్ళే అడగబోయారో! ఒక్కసారి 'ఊఁ' అని ఉంటే తెలిసేది. నేను హాయిగా పడుకున్నాను, ఆయన వెళ్ళిపోయారు. అందుకే నాకు నిద్రంటేనే భయం. నేను పడుకుంటే ఎవరో ఒకరు వెళ్ళిపోతారనిపిస్తుంది."

కూతురు వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చుంది. తల్లి కుడిచెయ్యి తీసుకుని, చూపుడువేలు తన ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మిషన్ నూనె" అంది. "నిద్రలో ఈ వాసన వచ్చేదమ్మా. చిన్నప్పుడు నువ్వు కుడుతుంటే మిషన్ కింద పడుకునేదాన్ని కదా, అప్పుడొచ్చే వాసన. కళ్ళు తెరిస్తే ఎవరూ ఉండేవారు కాదు. కలనుకున్నాను. ఆ కల మంచిదే, కానీ మళ్ళీ నిద్ర పట్టేది కాదు."

"చప్పుడు కాకూడదనే నూనె వేశానే."

"తెలుసు." కూతురు ఆ వేలు వదల్లేదు. "నాన్న ఏదో చిన్నమాటే అడిగుంటారమ్మా. నొప్పైతే నిన్ను లేపేవారు కాదూ? ముల్లు గుచ్చుకున్నా ఇల్లు ఎగరగొట్టే మనిషి."

తల్లి ఏడుపులోంచి నవ్వింది. "అది నిజమే."

"మరి నీ అల్లుణ్ణి చూడవేం? ఈయనకి ఊపిరి ఉందో లేదో అక్కర్లేదా?"

"ఆయన సంగతి వీధి చివరిదాకా తెలుస్తుందిగా. నువ్వే మీ నాన్నలాగా చప్పుడు చెయ్యకుండా పడుకుంటావు."

అల్లుడు చాప, దిండు కింద పెట్టాడు. "చూశావా, ఈ ఇంట్లో నా గురక ఒక్కటే ధైర్యం. దాన్ని షాపుకి పంపించేస్తున్నావు" అన్నాడు. ఆ నవ్వు ముగ్గురికీ ఏడుపు మధ్యలోనే వచ్చింది.

ఆ సాయంత్రమే అతను అత్తగారి మంచం తెచ్చి హాల్లో, గది తలుపుకి ఎదురుగా వేశాడు. తలుపు మూయకూడదని, అల్లుడు మళ్ళీ గదిలోనే పడుకోవాలని తీర్మానమైంది. మర్నాడు కూతురు నర్సుకి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నర్సు పుస్తకం పేజీలు తిప్పి, "మీ అమ్మని కూడా ఒకసారి తీసుకురా. నిద్రలేనిది నీ ఒక్కదానికే కాదు" అంది.

రోజూ ఎనిమిదింటికి, వీధిలో పిల్లల ఆట ఇంకా సాగుతుండగానే, కూతురు గదిలోంచి పిలిచేది.

"అమ్మా, నిద్రపోయావా?"

"లేదమ్మా. చెప్పు."

"ఏంలేదు. పడుకో."

ఆ 'లేదమ్మా, చెప్పు' అన్న మాట పలికాక గానీ ఆమె దిండు మీద తల వాల్చేది కాదు. అయినా మూడో రాత్రి మళ్ళీ లేచి వెళ్ళింది. చీకట్లో కూతురు ఆ చెయ్యి పట్టుకుంది. "ఉన్నానమ్మా. వెళ్ళి పడుకో" అంది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు గడపదాకా వెళ్ళి ఆగిపోయింది. తర్వాత్తర్వాత మంచం మీదే ఉండి వినడం అలవాటు చేసుకుంది. నూనెడబ్బా మిషన్ సొరుగులో ఉండిపోయింది.

నెలాఖరుకి డాక్టరు పుస్తకం చూసి సంతకం పెట్టారు. ఇంకో నెల రాస్తూ ఉండమని చెప్పి బండి ఇప్పించారు.

మళ్ళీ బండి తీసే మొదటి రోజు తల్లి కళ్ళు తెరిచేసరికి ఎండ హాల్లో సగందాకా వచ్చేసింది. గడియారం ఆరున్నర చూపిస్తోంది. ఆమె ఉలిక్కిపడి లేచింది. కూతురు వెళ్ళిపోయింది! ఎప్పుడు లేచిందో, ఎప్పుడు గడప దాటిందో తెలియనే లేదు. తొమ్మిది నెలల్లో ఒక్కరోజైనా గుమ్మంలో నిలబడి సాగనంపకుండా ఉండలేదు. గదిలోకి పరుగెత్తింది.

దుప్పటి మడతపెట్టి ఉంది. పక్కన అల్లుడు మోటారులా గురక పెడుతున్నాడు. స్టూలు మీద నోటుబుక్కు తెరిచి ఉంది. ఆమె పదం కింద వేలు పెట్టి చదివింది.

'ఎనిమిది దాటాక ఒకసారి లేచాను.'

ఎందుకు లేచావు అన్న గడిలో అక్షరాలు పట్టక, పక్క ఖాళీలోకి రాసి ఉంది:

'పిలిస్తే అమ్మ పలకలేదు. భయమేసింది. వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. నిద్రపోతోంది. పలకనందుకు నాకేం కోపం రాలేదమ్మా. హాయిగా అనిపించింది. నాన్నకి కూడా అలాగే అనిపించి ఉంటుంది. అందుకే పొద్దున్న నిన్ను లేపలేదు.'

ఆమె మొదటినుంచి మళ్ళీ చదివింది. 'నాన్నకి కూడా' అన్న చోట వేలు ఆగింది. ఆ వేలి మీద నీళ్ళబొట్టు పడింది. తుడవకుండా, ఆమె అలాగే కూర్చుండిపోయింది.