మూడెకరాల్లో మాయమైన పత్తి

ఉదయం తొమ్మిదింబావుకి ఎస్సై అంజుమ్ జీపు ఈపూరు చేరేసరికి, విత్తనాల షాపు లక్ష్మీనరసయ్య శెట్టి చొక్కా కాలర్ రైతు పుల్లారావు చేతిలో ఉంది.

కాలర్ మాత్రమే. మిగతా చొక్కా అప్పటికే చిరిగిపోయింది.

"వదలండి," అంది అంజుమ్.

"ఎందుకొదలాల మేడం? నకిలీ పత్తి విత్తనం అంటగట్టాడు. మూడెకరాల్లో మొలక మాయం!"

"కొట్టు తగలబెడితేగానీ బుద్ధి రాదు బావా!" వెనకనుంచి అరిచాడు అతని బావమరిది అంకారావు. ట్యాంకర్ ఓనర్. గుంపులో అందరికంటే పెద్ద గొంతు అతనిదే.

లక్ష్మీనరసయ్య చేతులు జోడించాడు. "కేసు రాస్తే లైసెన్సు పోద్దమ్మా. ఈ వయసులో నేనేం చేసి బతకాల?"

పుల్లారావు ఫోన్లో వీడియో చూపించాడు. "ఇదిగో ప్రూఫ్. విత్తాక రెండు వానలు పడ్డయ్. చేలో పచ్చటి పరక లేదు!"

అంజుమ్ వీడియో రెండుసార్లు చూసింది.

"పొలానికి పదండి. అందరూ."

గట్టుకి అవతల పక్క రైతు నాగేంద్రమ్మ బీడు. మోకాలెత్తు గడ్డి. ఇవతల పుల్లారావు చేను. నల్లగా, బోడిగా ఉంది.

అంజుమ్ గుప్పెడు మట్టి తీసి వాసన చూసింది. మాడిన బెల్లం పులిసినట్టుంది.

"కలుపు మందు కొట్టారా?"

"కొట్టలా."

"మరి కలుపేది?"

"ఏంది?"

"పత్తి నకిలీదే అనుకుందాం. గడ్డి విత్తనం కూడా శెట్టిగారి కొట్లోనే కొన్నారా?"

ఎవరూ నవ్వలేదు.

"విత్తనం నకిలీదైతే పత్తి మొలవదు. కలుపు మొలుస్తుంది. ఇక్కడ రెండూ లేవు. తప్పు నేలలో ఉంది. విత్తే ముందు ఏం పోశారు?"

"ఏం పొయ్యలా."

కానీ పుల్లారావు చూపు ఒక్క క్షణం అంకారావు మీదకి పోయింది. అంజుమ్‌కి అది చాలు.

"అంకారావ్, నీ ట్యాంకర్లో ఏం తోలతావ్?"

"నీళ్లు."

"ఎక్కడివి?"

"...లిక్కర్ ఫ్యాక్టరీ వేస్ట్ వాటర్. అయితే ఏంది? ఎరువు నీళ్లే! కిందటేడు పక్కూళ్లో పోస్తే పైరు చానా ఏపుగా లేచింది."

"వాళ్లు మంచినీళ్లు బాగా కలిపి పోసుంటారు. నువ్వు కలిపావా?"

"కలుపుకుంటా కూర్చుంటే ఫ్యాక్టరీలో ట్యాంకులు ఎప్పటికి ఖాళీ అయ్యేది?"

"చిక్కగా పోశావు. ఆ వేస్ట్‌లో ఉండే ఉప్పుకి గింజ నీళ్లు పీల్చుకోలేదు. మట్టిలోనే చచ్చింది. శాంపిల్ ల్యాబ్‌కి పోతుంది. నువ్వు స్టేషన్‌కి పద."

పుల్లారావు అంకారావు చెంప పగలగొట్టాడు. "ఒరేయ్, నా చేను నీకు మురిక్కాలవ అయిందా?"

"వద్దన్నావా బావా? ఫ్రీ అంటే గేటు తీసింది నువ్వేగా!"

కానిస్టేబుల్ అంకారావుని జీపెక్కించాడు. పుల్లారావు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"అదను దాటలా శెట్టిగారూ. మెరక మీద ఇంకో పొలం చెక్క ఉంది. అక్కడేస్తా. విత్తనాలు పంపించు."

"అమ్మను."

"డబ్బులిస్తానయ్యా!"

"ఇచ్చినా అమ్మను. రేపు ఎలకలు తిన్నా నా మెడే పట్టుకుంటావు."

ఆ మధ్యాహ్నం పుల్లారావు ఈపూరులో ప్రతి విత్తనాల కొట్టూ ఎక్కాడు. పత్తి ప్యాకెట్ ఒక్కరూ అమ్మలేదు.