ఇంటికో చెంబెడు నీళ్లు

"ఆగాగు! పొయ్యకు. ముందు నాకు చూపియ్యి" అంది అనిల.

తోపుడు బండి మీద పెద్ద డ్రమ్ము ఉంది. చెంబు వంచబోతున్న ముబష్షిరా ఆగిపోయింది.

"నీళ్లల్ల చూసేది ఏముందే?"

"చెత్త గిట్ల ఉంటే?"

అనిల చెంబులోకి తొంగి చూసింది. ఒక వేపాకు తేలుతోంది. దాన్ని వేలితో తీసి పారేసింది.

"ఇప్పుడు పొయ్యి."

ఒంటిపూట బడి వదిలి చాలాసేపైంది. ఎండ ఇంకా తగ్గలేదు. ఎల్లారెడ్డి చివరన ఉన్న తమ కాలనీలో స్నేహితురాళ్లిద్దరూ ఇల్లిల్లూ తిరుగుతున్నారు.

తెల్లవారితే అంబేడ్కర్ జయంతి. ఆ రోజు పొద్దున్నే కాలనీవాళ్లు విగ్రహాన్ని కడుగుతారు. ఒక్కరింటి నీళ్లతో కాదు. ముందురోజు పిల్లలు బండి తోసుకుంటూ వస్తే, ప్రతి ఇంటివాళ్లూ చెంబెడు నీళ్లు పోస్తారు. అన్నీ కలిసిన ఆ నీళ్లతోనే విగ్రహాన్ని కడగాలి. ఆ తర్వాతే దండ.

ఈసారి బండి అనిల చేతికి వచ్చింది. ఆమెకు ఇంకో పని కూడా ఉంది. రేపు అందరి ముందూ మైకులో మాట్లాడాలి. బండి తోస్తూ ఆ మాటలే చెప్పుకుంటోంది.

"చిన్నప్పుడు బడిలో భీంరావును నీళ్ల కుండ ముట్టుకోనిచ్చేవారు కాదు. దాహం వేస్తే ప్యూను పైనుంచి పోయాలి. ప్యూను రాని రోజు..."

"ప్యూను రాని రోజు నీళ్లు లేవు" అని ముబష్షిరా అందించింది. "నాకు గూడ నోటికొచ్చింది. రేపు నీకు జరం వస్తే నేనే చెప్త."

"జరం నీకే రావాలె!"

ఇద్దరూ నవ్వుకుంటూ చివరి ఇంటి ముందు ఆగారు. అది గౌరవ్వ ఇల్లు. గౌరవ్వ అప్పటికే గడపలో నిలబడి ఉంది. రెండు చేతులతో ఒక చెంబు పట్టుకుంది.

అనిల తొంగి చూసింది. నీళ్లు ఎర్రగా, తుప్పు రంగులో ఉన్నాయి.

"ఏందవ్వా, గింత ఎర్రగున్నయి?"

"బోరింగు నీళ్లు బిడ్డా."

"మీ నల్లాల నీళ్లు రాలేదా?"

"నల్లా వచ్చింది. ఇవి బోరింగువి" అంది గౌరవ్వ. అంతకంటే చెప్పేది ఏమీ లేనట్టు చెంబు ముందుకు చాచింది.

పెద్దామెను కాదనలేక అనిల ఆ నీళ్లు పోసింది. డ్రమ్ములో ఎర్రటి తీగలాంటిది కిందికి దిగింది. మెల్లగా నీళ్లన్నీ రంగు మారాయి.

బండి విగ్రహం దగ్గరికి చేరింది. అనిల తలెత్తి చూసింది. కామారెడ్డి నుంచి వచ్చిన పెయింటర్ నిన్ననే రంగులు వేసి వెళ్లాడు. నీలం కోటు ఎండలో మెరుస్తోంది. కాలరు పాలలా తెల్లగా ఉంది. చాచిన వేలు ఆకాశంలోకి వెళ్లినట్టుంది. రోజూ చూసే విగ్రహమే. అయినా ఇవాళ దాని ముందు గట్టిగా మాట్లాడాలనిపించలేదు.

"ముబ్బూ, ఈ ఎర్ర నీళ్లు గా కాలరు మీద పోస్తే ఎట్లుంటది?" అని మెల్లగా అడిగింది.

"చారలు పడుతయేమో."

"అంత పెద్దాయన మీద మురికి నీళ్లు పోస్తమా?"

అనిల ఇక ఆలోచించలేదు. ఇద్దరూ కలిసి డ్రమ్మును వంచారు. నీళ్లు బుడబుడమంటూ వీధి పక్క మోరీ కాలువలోకి వెళ్లిపోయాయి. తర్వాత సబ్బు వేసి డ్రమ్మును రుద్దారు.

ముబష్షిరా వాళ్ల నాన్న లతీఫ్‌కు అదే వీధిలో ఫిల్టర్ నీళ్ల ప్లాంటు ఉంది.

"అబ్బా, జయంతికి నీళ్లు కావాలె" అంది ముబష్షిరా.

"జయంతికా? అడుగుడెందుకు బేటా, తీసుకపోండి" అని లతీఫ్ తానే క్యాన్లు మోసుకొచ్చి డ్రమ్ము నింపాడు. మొదటి నీళ్లు ఏమయ్యాయో ఆయనకు తెలియదు.

డ్రమ్ము అడుగు అద్దంలో కనిపించినట్టు కనిపిస్తోంది. అనిలకు సంతోషం ఆగలేదు. అప్పుడే వాళ్ల బడిలో చెప్పే రాజేశం సార్ స్కూటర్ మీద అటుగా వచ్చారు. రేపటి ఏర్పాట్లు చూడడానికి వచ్చిన ఆయనను అనిల చెయ్యి ఊపి పిలిచింది.

"సార్, చూడండి! అడుగు దాకా కనిపిస్తుంది."

సార్ వంగి చూశారు. "మంచిగున్నయి. ఎవరింటి నీళ్లు?"

"లతీఫ్ చాచా ప్లాంటువి."

"మిగతా ఇండ్ల నీళ్లు?"

"అవి మురికిగున్నయి సార్. పారబోసినం. డ్రమ్ము గూడ శుభ్రంగ కడిగినం."

 సార్ మళ్లీ డ్రమ్ములోకి చూశారు. తర్వాత స్కూటర్ సీటు మీద కూర్చున్నారు.

"రేపు మాట్లాడేది వచ్చిందా? ఒకసారి చెప్పు. వింట."

అనిల చేతులు కట్టుకుని నిలబడింది. కుండ గురించి, ప్యూను గురించి గడగడా చెప్పింది. తర్వాత మహద్ అనే ఊరి గురించి మొదలుపెట్టింది.

"ఆ ఊరి చెరువులో నీళ్లు అందరికీ ఇచ్చేవారు కాదు. ఆయన చెరువులోకి దిగారు. దోసిలితో నీళ్లు తాగారు. ఆయన వెంట వచ్చినవాళ్లు కూడా తాగారు. తర్వాత పెద్దకులాలవాళ్లు కొందరు వచ్చారు. ఆ నీళ్లు మురికైపోయాయని, చెరువును శుభ్రం చేస్తామని, కుండలకొద్దీ నీళ్లు తోడి..."

అనిల ఆగిపోయింది.

తర్వాతి మాట ఆమెకు తెలుసు. అద్దం ముందు నిలబడి ఎన్నోసార్లు చెప్పుకుంది.  ఆమె మోరీ వైపు చూసింది. నేల ఇంకా తడిగానే ఉంది.

"సార్... ఇప్పుడేం చెయ్యాలె?"

"నన్నడిగితే ఎట్లమ్మా?" అన్నారు సార్, మెల్లగానే. "నీళ్లు ఇచ్చినోళ్లు ఉన్నరు గదా."

అనిల గబుక్కున డ్రమ్ము అంచు పట్టుకుని వంచబోయింది. ముబష్షిరా అడ్డం వచ్చింది.

"ఇవి గూడ పారబోస్తవా? మా అబ్బా మోసుకొచ్చిన్రు."

ముబష్షిరా ముఖం ఎర్రబడింది. అనిల చేతులు వెనక్కి తీసుకుంది. ఒకే పూటలో రెండోసారి అదే పని చేయబోయింది.

ఇద్దరూ నీళ్లను మళ్లీ క్యాన్లలోకి నింపారు. రేపు ఊరేగింపులో వచ్చేవాళ్లు తాగడానికి వాటిని నీడలో పెట్టారు. చెంబెడు మాత్రం డ్రమ్ములోనే ఉంచారు.

"ఇవి మీ ఇంటివి" అంది అనిల.

ముబష్షిరా తల ఊపింది. మళ్లీ బండి తోసింది.

మొదటి ఇల్లు భూమక్కది. ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. బండిని చూసి నవ్వింది.

"మళ్ల వచ్చిన్రా? మీ డ్రమ్ముకు గింత దాహమేందే?"

అనిలకు ఏదైనా చెప్పి తప్పించుకోవాలనిపించింది. డ్రమ్ము కారిపోయిందంటే సరిపోతుంది. 

"నేనే పారబోసిన భూమక్కా. నీళ్లు మురికిగున్నయనుకున్న."

భూమక్క నవ్వు పోయింది. చేట కింద పెట్టింది.

"మా ఇంటి నీళ్లు మురికా?"

"కాదు. నేనే తప్పు జేసిన. మళ్ల పొయ్యవా?"

భూమక్క లోపలికి వెళ్లింది. చాలాసేపు రాలేదు. ఇక రాదేమో అనుకునేసరికి చెంబుతో వచ్చి నీళ్లు పోసింది.

ప్రతి గడప ముందూ అనిల అదే మాట చెప్పింది. ఒకరు కసిరారు. ఒకరు నవ్వారు. ఎదురింటి నితీష్ అయితే, "ఫిల్టర్ నీళ్లు పోసిన్రటగద! రేపు విగ్రహానికి షాంపూ గూడ పెడతరా?" అని ఎగతాళి చేశాడు. అనిల తల వంచుకుంది. వాడు నవ్వుతూనే లోపలికి వెళ్లి చెంబు తెచ్చాడు.

పొద్దు వాలుతుండగా గౌరవ్వ ఇల్లు వచ్చింది. అవ్వ ఇంటి పక్కనే, బోరింగు గద్దె మీద కూర్చుని ఉంది.

ఇక్కడ చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది.

"అవ్వా, నీ నీళ్లు పారబోసిన" అంది అనిల. "ఎర్రగున్నయని."

గౌరవ్వ ఆమె వైపు చూసింది. తిట్టలేదు. బోరింగు పిడి మీద చెయ్యి పెట్టింది.

"ఇది రాకముందు మేము బాయి కాడికి పోతుంటిమి" అంది. "బాయి ముట్టద్దు. దూరం నిలబడాలె. ఎవరన్న దయతోని పైకెల్లి పోస్తే బిందె నిండేది. పొయ్యకుంటే ఒట్టి బిందెతోని ఇంటికి."

అనిల కళ్లు పెద్దవయ్యాయి. ఇది తన ఉపన్యాసంలో ఉన్నదే. కానీ అదంతా ఎక్కడో దూరాన, ఎవరికో, ఎప్పుడో జరిగిందనుకుంది. ఆ బిందె పట్టుకుని నిలబడ్డ చేతులు ఇవే. రోజూ తనకు పల్లీలు పెట్టే చేతులు.

"నువ్వు గూడనా అవ్వా?"

"నేను గూడ. మా ఇంటాయన గూడ."

గౌరవ్వ భర్త పోచన్న పోయిన వానాకాలం చనిపోయాడు. అవ్వ ఆయన పేరు పలకదు.

"ఈ బోరింగు వేసిన్నాడు ముందుగాల ఆయనే కొట్టిండు. నీళ్లు ఎర్రగ వచ్చినయి. జర ఆగయ్యా, తేటగ రానియ్యి అన్న. ఇనలే. దోసిలి పట్టి తాగిండు. 'ఎవరూ పొయ్యకుంట వచ్చిన నీళ్లే' అన్నడు. తాగుకుంట ఏడ్చిండు."

ముబష్షిరా బండి పిడి వదిలేసి దగ్గరికి వచ్చి నిలబడింది.

"విగ్రహం పెట్టినప్పుడు, అన్ని ఇండ్ల నీళ్లు కలిపి కడుగుదమని చెప్పింది గూడ ఆయనే. మా ఇంటి చెంబు ఎప్పుడూ దీంట్లకెల్లే పట్టేటోడు. ఈసారి ఆయన లేడు. నేను పట్టిన."

వీధిలో ఎక్కడో డప్పు తోలు బిగుసుకునేలా కాస్తున్న మంట వాసన వస్తోంది. అనిల బోరింగును చూసింది. రంగు పోయిన ఇనుము, వంగిన పిడి. రోజూ దాని పక్కనుంచే బడికి వెళ్తుంది. ఒక్కసారైనా ఆగి చూడలేదు. ఇప్పుడు దాన్ని ముట్టుకోవాలంటే భయం లాంటిదేదో కలిగింది. భయం కాదు అది. పెద్దవాళ్లు ఎదురైనప్పుడు చెప్పులు విడవాలనిపిస్తుందే, అలాంటిది.

ఆమె నిజంగానే చెప్పులు విడిచింది. పిడి పట్టుకుని కొట్టింది. లోపల గొట్టం గురగురమంది. ఎర్రటి నీళ్లు దూకాయి.

"జరసేపు కొట్టు బిడ్డా. తేటగ వస్తయి" అంది గౌరవ్వ.

"వద్దవ్వా. గివే కావాలె."

ముబష్షిరా చెంబు పట్టింది. గౌరవ్వ కూడా వంగి, చెంబు అంచు పట్టుకుంది. నిండేదాకా వదల్లేదు.

పొద్దున్నే డప్పులు మోగాయి. నీలం జెండాలతో వీధి నిండిపోయింది. పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో జనం వచ్చారు. పిల్లలను భుజాల మీద ఎక్కించుకున్నారు. అనిల ఇంతమందిని ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు.

అనిల వాళ్ల నాన్న గంగారాం నిచ్చెన ఎక్కాడు. సార్ చెయ్యి ఎత్తారు. డప్పులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

 అనిల డ్రమ్ములోంచి చెంబు ముంచి నాన్నకు అందించింది. నీళ్లు విగ్రహం తల మీద పడ్డాయి. నుదుటి మీదికి, కళ్లద్దాల మీదికి జారాయి. తెల్ల కాలరును తడిపి, నీలం కోటు మీదుగా దిగి, పాదాల దగ్గర ధారగా పడ్డాయి. ఎండ తగిలి ఆ ధార మెరిసింది. అందులో భూమక్క నీళ్లేవో, నితీష్ వాళ్లవేవో, ముబష్షిరా వాళ్లవేవో ఎవరూ చెప్పలేరు.

గౌరవ్వ ముందుకు వచ్చింది. ధార కింద చెయ్యి పెట్టి, ఆ తడి చేతిని కళ్లకు అద్దుకుంది. 

అప్పుడే జనాన్ని తోసుకుంటూ ఒకాయన పరుగున వచ్చాడు. పేరు అబ్రాహాము. కాలనీలోకి కొత్తగా వచ్చిన మేస్త్రీ. చేతిలో సిమెంటు మరకలు పట్టిన పాత మగ్గు ఉంది.

"నిన్నంత పని మీద కామారెడ్డిల ఉంటిమమ్మా. ఇంటికి తాళమేసి ఉండె" అన్నాడు రొప్పుతూ. "మా ఇంటి నీళ్లు గూడ పొయ్యొచ్చునా? మంచి గిన్నె గూడ దొరకలే..."

మగ్గును చూసి ఎవరో నవ్వారు. అబ్రాహాము చెయ్యి సగం వెనక్కి తీశాడు.

అనిల రెండు చేతులూ చాచి ఆ మగ్గు అందుకుంది. అందులోకి చూడలేదు. నీళ్లు డ్రమ్ములో పోసింది. చెంబు నిండా ముంచి, పైనున్న నాన్నకు అందించింది.