సముద్రం రాని నవల

కళ్లజోళ్ల అమ్మాయి ఆ సాయంత్రం బైండింగ్ షాపులో అడుగుపెట్టిన తీరు చూస్తే, ఎవరో ఒకరికి ఇవాళ మూడిందనే అనిపిస్తుంది. జుట్టులోంచి వాన నీళ్లు కారుతున్నాయి. మనిషి నిలువునా తడిసింది గాని, ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొచ్చిన పుస్తకానికి మాత్రం చుక్క అంటలేదు. దాన్ని తీసి బల్ల మీద పెట్టి, సూదిలో దారం ఎక్కిస్తున్న కుర్రాడి వైపు చూసింది.

"ఇది కుట్టింది మీరేనా?"

"నేనేనండీ. ఊడిపోయిందా?"

"ఊడిపోయినా బాగుండేది. వారం నుంచి నాకు తిండి సయించడం లేదు."

వీధి చివర కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించడం ఆమె పని. ఆ షాపు పక్కనే లైబ్రరీ. పదో తరగతి తర్వాత నవల ముట్టని మనిషి, ఒకరోజు వాన తగ్గేదాకా నిలబడదామని అందులోకి వెళ్లి, పిల్లల బీరువా దగ్గర చేతికందిన నవల తీసింది. వాన ఎప్పుడు తగ్గిందో ఆమెకి తెలియలేదు. మర్నాడే కార్డు తీసుకుంది. పదిహేనేళ్ల పిల్లల కోసం రాసినవి ఇరవయ్యారేళ్ల మనిషి చదవడమేమిటని షాపులో నవ్వారు. అప్పుడు వదిలేసినవి ఇప్పుడు చదువుకుంటున్నానని చెప్పి ఊరుకుంది.

ఇప్పుడు బల్ల మీదున్నది సైకిలు పందేలకి వెళ్లే ఓ మొండి పిల్ల కథ. చివరి పేజీలో ఒడ్డున చెప్పుల జత ఒక్కటే మిగిలిందనీ, అలలు ఏమీ ఎరగనట్టు వచ్చిపోతున్నాయనీ ఉంది. దాంతో ఆమె మొదటినుంచీ బిక్కుబిక్కుమంటూ చదివింది. సైకిలు పిల్ల నవ్వినప్పుడల్లా అయ్యో అనుకుంది. వాళ్లమ్మతో పోట్లాడినప్పుడు, ఈ కాస్త రోజులకి పోట్లాటెందుకే అనుకుంది. పిల్ల ఉండేదేమో కొండల మధ్య. సముద్రం ఎప్పుడొస్తుందా, ఎవరు తీసుకెళతారా అని గుండె చిక్కబట్టుకుని పేజీలు తిప్పింది. సముద్రం రాలేదు. తీరా ఆఖరి పేజీల్లోకి వచ్చేసరికి మనుషులే మారిపోయారు.

కుర్రాడు పుస్తకం వెనక్కి తిప్పి చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకమంటే విడి కాగితాలు కావనీ, పదహారేసి పేజీల మడతలనీ, ఒక్కో మడతని ఫారం అంటారనీ, వాటిని వరసగా పేర్చి కుట్టాలనీ మెల్లగా చెప్పుకొచ్చాడు. లైబ్రరీలో చినిగిన నవలలన్నీ విప్పి మళ్లీ కుట్టే పని అతనికి ఇచ్చారు. ఒకే కొలత, ఒకే కాగితం ఉన్న రెండు నవలల్ని ఒకే బల్ల మీద విప్పి కూర్చున్నాడు.

"ఇది దీపస్తంభం దగ్గరుండే పిల్ల కథండీ. దాని చివరి ఫారం ఇందులో కుట్టేశాను."

"అంటే నా సైకిలు పిల్ల చచ్చిపోదా?"

"పోదండీ. ఆ చెప్పులు దీపస్తంభం పిల్లవి." అతను పుస్తకం బల్ల మీద పెట్టాడు. "కాని తేడా చివరికొచ్చాక కదా తెలిసేది. వారం నుంచీ తిండి సయించకపోవడమేమిటి? మీరు చివరి పేజీ ముందు చదువుతారా?"

ఆమె సంచి మడతపెట్టుకుంది. ఆ మడత చాలా జాగ్రత్తగా పెట్టింది.

"తప్పు నాదేననుకోండి. కాకపోతే, ఎవరి ముగింపుకో మీరు వారం రోజులు ఏడ్చారు."

అతను ఇంకా షాపులోనే ఉన్న దీపస్తంభం పుస్తకం దారాలు కోసి, అందులో పడ్డ అసలు ఫారం తీసి ఆమె చేతిలో పెట్టాడు. అట్టల కట్ట మీద కూర్చుని ఆమె అక్కడే చదివింది. సైకిలు పిల్ల పందెంలో ఓడిపోయింది. గాలి పోయిన సైకిలు నడిపించుకుంటూ, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చింది. అంతే కథ. ఓడినందుకు ఇంత సంతోషపడే పిల్లని ఆమె ఎక్కడా చూడలేదు. కళ్లు తుడుచుకుని, ఈసారి సరిగ్గా కుట్టమని చెప్పి వెళ్లిపోయింది.

కాని మళ్లీ వచ్చింది. కుట్టిన నవలలు లైబ్రరీకి పంపే ముందు ఎవరైనా చదివి చూస్తే బాగుంటుందని అతను లైబ్రరీ మేడమ్‌తో అన్నాడట. మేడమ్ నవ్వు దాచుకోకుండానే ఆ మాట కళ్లజోళ్ల అమ్మాయికి చేరవేసింది. అలా ఆ ఏడాదంతా కొత్తగా కుట్టిన ప్రతి నవలా ముందు ఆమె చేతిలోకే వచ్చేది. జిగురు వాసన ఇంకా పోకుండానే.

ఎన్ని చదివిందో ఆమె లెక్క పెట్టుకోలేదు. కొన్ని మాత్రం మనసులో తిష్ఠ వేశాయి. చెవులు వినపడని పిల్ల ఈత నేర్చుకునే కథ ఆమె ఊపిరి బిగపట్టి చదివింది. పాత రేడియోలు బాగుచేసే కుర్రాడు, పొరుగింటి పిల్లతో మాట్లాడే ధైర్యం లేక, వాళ్ల రేడియోని కావాలనే సగం బాగుచేసి ఇచ్చే కథ మాత్రం షాపులో అద్దం అరగదీస్తుంటే గుర్తొచ్చి నవ్వింది. ఆ నవ్వుకి చేయి జారి ఒకాయన అద్దం పాడైంది. కవల అక్కచెల్లెళ్లు ఒకరి పరీక్ష ఒకరు రాసే కథ నచ్చలేదని ఆమె అంటే, బైండింగ్ అబ్బాయి తనకి అదే ప్రాణమన్నాడు.

"మీరెప్పుడు చదివారు?" అని నిలదీసింది.

అప్పుడు బయటపడింది అతని చదువు. కుట్టేటప్పుడు ప్రతి ఫారాన్నీ సరిగ్గా మధ్యకి తెరిచి సూది గుచ్చాలి. తెరిచినప్పుడు కంటపడ్డ రెండు పేజీలే అతను చదివేది. అలా నవలలన్నీ అతనికి తునకలు తునకలుగా తెలుసు. ఎలా మొదలయ్యాయో తెలియదు, ఎలా ముగిశాయో అసలే తెలియదు.

"ఆ రెండు పేజీల్లోనూ కవలలు ఒకే దుప్పటి కింద నవ్వుకుంటూ ఉన్నారండీ. ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది?"

ఆమె చెప్పేది. అతను దారం లాగుతూ వినేవాడు. ఒకసారి ఆమె కావాలనే ముగింపు మార్చి చెబితే, ఆఖరి ఫారం మధ్యలో చూసిన పేజీలతో పొసగక గుర్తుపట్టేశాడు.

ఎందుకలా చివరినుంచి చదువుతారని అతను చాలాకాలం అడగలేదు. అడగనందుకే ఆమె ఒకరోజు చెప్పింది. పదో తరగతి సెలవుల్లో మంచం మీద బోర్లా పడుకుని ఓ నవల చదువుతోంది. వెళ్లొస్తానమ్మా అని నాన్న గుమ్మంలో అన్నాడు. తలెత్తకుండా ఊఁ అంది. స్కూటరు మీద వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. ఆ నవల ఆమె పూర్తి చేయలేదు. ఇప్పుడు ఏ కథైనా సరే, చివరికి ఎవరుంటారో చూసుకుంటే గాని లోపలికి వెళ్లలేదు. బైండింగ్ అబ్బాయి ఓదార్చలేదు. సూది పక్కన పెట్టి, ఆమె మాట్లాడినంతసేపూ వింటూ కూర్చున్నాడు.

లైబ్రరీ బీరువాలో కుట్టాల్సిన పుస్తకాల ఆఖరి అర కూడా ఖాళీ అయింది. ఇక్కడ పని పూర్తయితే అతను వేరే ఊళ్లో మేనమామ ప్రెస్సుకి వెళ్లిపోవాలి. ఆ సాయంత్రం చివరి పుస్తకం ముడి వేస్తూ, తల వంచుకునే అడిగాడు.

"మనం పెళ్లి చేసుకుందామా అండీ? మీరు సరేనంటే ఈ షాపు వదలను."

ఆ మాట కోసం ఆమె ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తోంది. తీరా వినేసరికి కళ్ల ముందు అమ్మ మెదిలింది. ముప్పై అయిదేళ్లకే ఒంటరైపోయి, గుమ్మం వైపు చూస్తూ కూర్చునే అమ్మ.

"చివరికి ఏమవుతుందో తెలియకుండా నేను ఏ పనీ చేయలేను. మీకు తెలుసు కదా."

అతను నవ్వలేదు.

"చివర సంగతి నాకూ తెలియదండీ. మధ్యంతా మాత్రం ఉంటాను."

ఆమె లేచి వచ్చేసింది. గొడుగు కూడా అక్కడే మర్చిపోయింది.

తర్వాత లైబ్రరీకి వెళ్లలేదు. షాపు నుంచి తిన్నగా ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకునేది. వాళ్లమ్మ భయపడడానికి ఇది చాలు. ఆవిడ పొయ్యి కట్టేశాక కూడా మళ్లీ వెళ్లి చూసే మనిషి. కూతురు తుమ్మితే ఊపిరితిత్తులనీ, తలనొప్పంటే మెదడనీ అనుకునే మనిషి. పిల్ల చేతిలో పుస్తకం కనపడకపోయేసరికి కళ్లే పోతున్నాయని తేల్చుకుంది. నా అద్దాలు ముక్కు మీంచి జారుతున్నాయి చూడవే అనే వంకతో కళ్లజోడు కూతురికిచ్చి, ఆ పిల్ల దాని మర సరిగ్గా బిగించిందో లేదో ఓరగా చూసింది. బిగించింది. అయితే కళ్లు కాదు, ఇంకేదో.

"ఏమైందే? నాకు చెప్పకపోతే నేను ఇంతకంటే పెద్దదే ఊహించుకుంటాను."

అది నిజమే. కాబట్టి చెప్పేసింది. ఆవిడ అంతా విని, అబ్బాయికి బండి ఉందా అని అడిగింది. సైకిలని కూతురు చెప్పింది. సైకిలు మీద వెళ్లేవాళ్లు లారీవాళ్లకి కనపడరని ఆవిడ అంది. ఏమైనా తాగుతాడా అంటే, టీ ఎక్కువ తాగుతాడంది. కడుపులో మంట వస్తుందని ఆవిడ అంది. ఇంక కాదనే అంటుందని అమ్మాయి అనుకుంది. అనేస్తే బాగుండునని కూడా అనుకుంది. భయపడింది తను కాదని, అమ్మ వద్దందని చెప్పుకోవచ్చు.

"అమ్మా, ఒకటడుగుతాను. నాన్న అలా పోతారని ముందే తెలిసి ఉంటే, చేసుకునేదానివా?"

వాళ్లమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. తుడిచిందే తుడిచింది.

"తెలిసుంటే పెళ్లినాడే ఏడ్చేదాన్ని," అంది చివరికి. "ఏడుస్తూనే వెళ్లి ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఆయనతో గడిపిన ఆ ఏళ్లన్నీ నాకు ఎవరిస్తారే? నువ్వు నన్ను ఇప్పుడే చూస్తున్నావు. పెళ్లైన కొత్తలో చూడలేదు. మీ నాన్న జోకులేస్తుంటే అన్నం గిన్నె కింద పడేసేంత నవ్వేదాన్ని."

అమ్మ నవ్వి గిన్నె పడేయడం ఆ పిల్ల ఎప్పుడూ ఊహించలేదు. ఎంతసేపు చూసినా ఆ ముఖంలో ఆ నవ్వు దొరకలేదు. అయినా ఎక్కడో ఉన్నట్టే ఉంది.

"నీకేమవుతుందోనని నేను ఎలాగూ భయపడతాను. చేసుకున్నా పడతాను, చేసుకోకపోయినా పడతాను. నువ్వు కూడా భయపడడమెందుకు, నేనున్నాను కదా."

మర్నాడు సాయంత్రం ఇద్దరూ కలిసే వెళ్లారు. షాపులో సామాను సగం కట్టేసి ఉంది. వాళ్లమ్మ ముందు నడిచి, కటింగ్ మిషన్ బ్లేడు చూసింది, దబ్బనాల డబ్బా చూసింది, వైరు ఎక్కడైనా తెగిందా అని గోడంతా చూసింది. బైండింగ్ అబ్బాయి చేతులకున్న జిగురు చొక్కాకి తుడుచుకుని నిలబడ్డాడు. ఎవరితో మాట్లాడాలో అతనికి తెలియలేదు.

"మీరడిగినదానికి," అంది కళ్లజోళ్ల అమ్మాయి, "సరే."

"చివర తెలియకుండానే?"

"తెలియకుండానే. కాని నా భయం పోలేదు. అది కూడా నాతోనే వస్తుంది."

"అది మా ఇంటిదే బాబూ," అంది వాళ్లమ్మ వైరు మీంచి చూపు తిప్పకుండానే. "కొత్తగా కొన్నది కాదు."

అతను నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకోబోయి, చేతికి జిగురుందని గుర్తొచ్చి ఆగిపోయాడు. కళ్లజోళ్ల అమ్మాయి తన చున్నీ కొస అందించింది. వాళ్లమ్మ అది చూడనట్టు బయటికి తిరిగి, వాన ఎలా పడుతోందో చూసింది. పెళ్లెప్పుడని గాని, మీవాళ్లెవరని గాని ఇంకా అడగలేదు. ముందు వేరే సంగతి తేలాలి.

"ఇదిగో బాబూ, ఇద్దరూ ఎక్కడికి వెళ్లినా చేరగానే నాకు ఫోన్ చేయాలి."

"చేస్తామండీ."

"ఇద్దరూ చేయాలి."

"అలాగేనండీ, ఇద్దరం మాట్లాడతాం."

"కలిపి కాదు," అంది ఆవిడ. "వేరువేరుగా. రెండు గొంతులూ నేను వినాలి."