తడిగానా, పొడిగానా?

తమ్ముడి పొట్టలోంచి రెండు తూటాలు తీశారని చీఫ్ చెప్పగానే ఏజెంట్ ట్వెల్వ్ అట్టపెట్టె మీద కూలబడ్డాడు. పార్సిల్ వ్యాన్‌లో కూలబడటానికి అంతకంటే మంచి చోటు లేదు మరి. వ్యాన్ ఫేస్ పౌడర్ ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర ఆగి ఉంది. బయట హమాలీలు పెట్టెలు మోస్తూ ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటున్నారు.

"బతుకుతాడా సార్?"

"కదిలించకపోతే బతుకుతాడు. మంచం మీంచి దించితే మాత్రం పూచీ లేదంటున్నాడు డాక్టర్."

ట్వెల్వ్ తమ్ముడూ డిపార్ట్‌మెంట్ మనిషే. విదేశీ ముఠాలో డ్రైవర్‌గా చేరి రెండేళ్లు వాళ్ల కార్లు తోలాడు. వాళ్ల హంతకుల ముఖాలు చూసినవాడు మనవైపు అతనొక్కడే. తప్పించుకుని వస్తుంటే దారిలో కాల్చారు. చావు తప్పి బయటపడ్డాడు. ఇప్పుడు లైట్‌హౌస్ రోడ్డు పద్నాలుగో నంబర్ ఇంట్లో సెలైన్ బాటిల్ కింద పడుకుని ఉన్నాడు.

"ఆ అడ్రస్ ఇవాళ సాయంత్రం ముఠా చేతికి వెళ్తోంది" అన్నాడు చీఫ్. "వాళ్ల వైర్‌లెస్ పట్టుకున్నాం. సరుకు కాంపాక్ట్‌లో వస్తుంది అన్నారు. అంతే."

"ఆ అడ్రస్ ఎంతమందికి తెలుసు సార్?"

"డాక్టర్‌ని కూడా కళ్లకి గంతలు కట్టే తీసుకెళ్తున్నాం. తెలిసింది ముగ్గురికి. నాకు, నీకు..."

మూడో పేరు ఇద్దరూ పలకలేదు. ఊళ్లో ప్రతి హోర్డింగ్ మీదా ఈ కంపెనీ పౌడర్ పట్టుకుని నవ్వే మోడల్, అందరూ 'మేడమ్' అని పిలిచే ఆవిడ. ముఠా ఆవిణ్ని తమ మనిషనుకుంటోంది. మనం మన మనిషనుకుంటున్నాం. తమ్ముణ్ణి ఆ ఇంట్లో దాచింది ఆవిడే. పక్కన కూర్చుని నుదురు తుడిచి, "నీకేం కాదు తమ్ముడూ" అన్నది కూడా ఆవిడే.

"అరెస్ట్ చేసేద్దాం సార్!"

"రుజువేదయ్యా? ఐదేళ్లుగా మనకి పనిచేస్తున్న మనిషి. ఆవిడ ఫోన్ మనం వింటూనే ఉన్నాం, మెడలో మన మైక్ ఉంది. ఒక్క తప్పు మాట దొరకలేదు. పైగా ఆవిణ్ని పట్టుకుంటే ఆ కాల్చేవాళ్లు బయటే ఉంటారు. ఇవాళ కాకపోతే రేపు మీవాణ్ణి వెతుక్కుంటూ వస్తారు. ఆరు నెలలుగా ఈ ల్యాబ్‌లో ఉన్నావు. కాంపాక్ట్‌లో కబురెలా పోతోందో కనుక్కో. సాయంత్రంలోగా."

క్వారీ రోడ్డులో తను కొత్తగా కట్టించిన, ఇంకా గృహప్రవేశం కాని ఇంటి గురించి చెప్పకుండా చీఫ్ ఏ బ్రీఫింగూ ముగించడు. గుమ్మాల చెక్క, గోడల సున్నం, కుళాయిల మెరుపు అన్నీ డిపార్ట్‌మెంట్‌లో అందరికీ కంఠోపాఠం. ఇవాళ ఆ ఊసే రాలేదు. పరిస్థితి అంత చెడ్డదన్నమాట.

*

ల్యాబ్‌లో ట్వెల్వ్‌కి 'పగుళ్ల మాస్టారు' అని పేరు. పౌడర్ పాళ్లు కలిపే ఫార్ములేటర్ వేషంలో చేరాడు కాబట్టి నిజంగానే కాంపాక్ట్, అంటే అద్దపు డబ్బాలో నొక్కి పెట్టే పౌడర్ కేక్, తయారుచెయ్యాల్సొచ్చింది. నొక్కిన ప్రతి కేకూ పగిలింది. ఎడారిలో దిగమన్నా, సముద్రంలో దూకమన్నా ఇంత కష్టం ఉండేది కాదని అతను చాలాసార్లు అనుకున్నాడు.

ఆ కంపెనీ కొత్త సరుకు పొడి పఫ్‌తోనూ వాడొచ్చు, తడి స్పాంజితోనూ వాడొచ్చు. వినడానికి తేలికే. మామూలు పౌడర్ మీద తడి స్పాంజి రుద్దితే నీళ్లు పీల్చుకుని, రంగు ముదిరి, పైన పెచ్చు కడుతుంది. మర్నాటికి గోకినా రాదు. అందుకని ప్రతి రేణువుకీ ముందే సిలికాన్ పూత పెట్టాలి. అప్పుడు నీటిచుక్క తామరాకు మీద బొట్టులా జారిపోతుంది. తర్వాత పొడిని అతికించే బైండర్ నూనె కలిపి, రేకు పళ్లెంలో పోసి, ప్రెస్‌లో నొక్కాలి. నూనె తగ్గితే కేక్ పగులుతుంది. పెరిగితే మరకలు తేలుతాయి. ట్వెల్వ్ మొదటి వారంలోనే పూత ఉన్న పొడినీ లేని పొడినీ కలిపేసి, రెండూ కలిసే చోట కేక్ ఎలా విచ్చుకుంటుందో ల్యాబ్ మొత్తానికి చూపించాడు.

మేడమ్ వాడే కాంపాక్ట్‌లు మాత్రం అతని చేతికి రావు. విదేశం నుంచి వచ్చిన టెక్నీషియన్ ఒకడు పక్కగదిలో నొక్కుతాడు. లావు అద్దాలవాడు. అందరూ సోడాబుడ్డి అంటారు. మన భాషలో అక్షరం ముక్క రాదు.

ట్వెల్వ్ ఆ గదిలోకి దూరాడు. సోడాబుడ్డి భోజనానికి వెళ్లాడు. బల్ల మీద కాంపాక్ట్ లేదు, అప్పుడే మేడమ్‌కి చేరిపోయింది. చెత్తబుట్టలో ఏమీ లేదు. సొరుగుల్లో ఏమీ లేదు. ఇక అంతా అయిపోయిందనుకుంటూ వెనక్కి తిరిగినవాడికి గోడ అరలో వరసగా చిన్న చిన్న డబ్బాలు కనిపించాయి.

శాంపిల్స్!

ల్యాబ్‌లో పెరిగినవాడు ఏ బ్యాచ్ నొక్కినా ఒక కేక్ పక్కన దాస్తాడు. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే పోల్చి చూడటానికి. విషం కలిపినా దాస్తాడు, అంత అలవాటు. సోడాబుడ్డి కూడా దాచాడు. చివరి డబ్బా మీద ఇవాళ్టి తేదీ ఉంది.

ట్వెల్వ్ మూత తీశాడు. భూతద్దం పెట్టి చూశాడు. అల్ట్రావయొలెట్ టార్చ్ వేశాడు. అద్దం వెనక గీకాడు, పఫ్ చింపాడు. ఏమీ లేదు. నున్నటి, లేత గోధుమరంగు పౌడర్. అంతే. గోడ గడియారం తన పని తాను చేసుకుపోతోంది.

చిన్నప్పుడు తమ్ముడు చీకట్లో పెరట్లోకి వెళ్లాలంటే అన్నయ్య చొక్కా అంచు పట్టుకునేవాడు. ఆ సంగతి ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో! ట్వెల్వ్‌కి దుఃఖం ఆగలేదు. శిక్షణలో అన్నీ నేర్పారు గానీ ఇది ఆపుకోవడం నేర్పలేదు. బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చాడు.

కన్నీటిచుక్క ఒకటి కేక్ మీద పడింది. గుండ్రంగా నిలబడింది. జారింది. జారినట్టే జారి ఒకచోట ఆగి, లోపలికి ఇంకిపోయింది.

అక్కడ రంగు ముదిరింది.

ట్వెల్వ్ ముక్కు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. కుళాయి దగ్గరికి పరిగెత్తి, స్పాంజి తడిపి, కేక్ మీద మెల్లగా అద్దాడు. పూత ఉన్న పొడి నీటిని వదిలేసింది. పూత లేని పొడి తాగేసింది. లేత గోధుమరంగు మీద ముదురు అక్షరాలు పైకి తేలాయి.

'లైట్‌హౌస్ రోడ్డు 14.'

మేడమ్ చేతిరాతే. అక్షరాల అచ్చు, స్టెన్సిల్, కోసి ఇచ్చింది ఆవిడే. సోడాబుడ్డి చదవలేడు కాబట్టి ధైర్యంగా ఇచ్చింది. పొడిగా ఉంటే పౌడరు. తడిపితే చావు కబురు.

ట్వెల్వ్ జేబులోంచి లిప్‌స్టిక్ తీశాడు. దాని అడుగున ట్రాన్స్‌మిటర్ ఉంది. ఆ ఫ్యాక్టరీలో మగాడు లిప్‌స్టిక్‌తో మాట్లాడినా ఎవరూ పట్టించుకోరు.

"సార్, రుజువు దొరికింది. కానీ ఆవిణ్ని ఇప్పుడే ముట్టుకోవద్దు. కాంపాక్ట్ వాళ్లకి చేరనివ్వండి. అడ్రస్ మాత్రం నేను మారుస్తాను."

"ఎలా మారుస్తావ్?"

"నొక్కుతాను సార్."

"నువ్వా?" అన్నాడు చీఫ్.

*

ప్లాస్టిక్ షీటు మీద మేడమ్ రాతని అనుకరిస్తూ బ్లేడుతో అక్షరాలు కోశాడు. పళ్లెంలో పూత పొడి పోసి కొంచెం నొక్కాడు. స్టెన్సిల్ పెట్టి అక్షరాల మేర తవ్వాడు. ఆ గుంటల్లో పూత లేని పొడి నింపి ప్రెస్ దించాడు.

కేక్ అక్షరాల అంచుల్లోంచి ఫట్‌మని విచ్చుకుంది.

రెండోదానికి నూనె పెంచాడు. పగల్లేదు. కానీ తడపకుండానే అక్షరాలు జిడ్డుమరకల్లా కనిపించాయి. తడిపి చూడటమెందుకు, దారిన పోయే దానయ్యకి చూపించినా చదివేస్తాడు.

"నీ మొహం తగలెయ్య, ఒక్కటి సరిగ్గా చెయ్యరా!" అని తనని తానే తిట్టుకున్నాడు. కింద కంపెనీ కారు హారన్ కొడుతోంది. కాంపాక్ట్ రిలీజ్ ఫంక్షన్‌కి ల్యాబ్ వాళ్లని హోటల్‌కి తీసుకెళ్లడానికి వచ్చింది.

ఆరు నెలల పగుళ్లు అప్పుడు పనికొచ్చాయి. పూత లేని పొడి నూనె కూడా తాగేస్తుంది, పక్కవాటికి మిగల్చదు. అందుకే అంచు ఎండి విచ్చుకుంటోంది. కేక్ మొత్తానికి పెంచకూడదు. అక్షరాల పొడికి మాత్రమే, చుక్కచుక్కగా, మరక తేలే ముందు ఆగిపోవాలి. ఊపిరి బిగబట్టి కలిపాడు. నొక్కాడు. పగులుతుందేమో చూడటానికి జానెడు ఎత్తు నుంచి బల్ల మీదికి వదిలాడు.

పగల్లేదు. ఇంకోసారి వదిలాడు. పగల్లేదు. తడిపి చూసే వ్యవధి లేదు. తడిపితే ఇచ్చేందుకు పనికిరాదు కూడా.

*

హోటల్ మేకప్ గదిలో మేడమ్ అద్దం ముందు కూర్చుని ఉంది. మెడలో ముత్యాల హారం, దాని పతకంలో డిపార్ట్‌మెంట్ మైక్. ట్వెల్వ్‌ని చూసి నవ్వింది.

"పగుళ్ల మాస్టారూ, మీరా?"

"మేకప్ అమ్మాయి రాలేదు మేడమ్. టచప్‌కి నన్ను పంపారు." గొంతు తగ్గించి అడిగాడు, "తడిగానా, పొడిగానా?"

అది డిపార్ట్‌మెంట్ కోడ్. తడి అంటే ప్రమాదం. పొడి అంటే అంతా క్షేమం.

"పొడిగానే" అంది మేడమ్, కళ్లలోకి చూస్తూ. "తమ్ముడికెలా ఉంది?"

ఆ గొంతు పిసికెయ్యాలనిపించింది ట్వెల్వ్‌కి. "మీ దయ వల్ల బానే ఉన్నాడు. కళ్లు మూసుకోండి, రెప్పల మీద పౌడర్ వెయ్యాలి."

ఎంతటి గూఢచారైనా మేకప్ వేసేటప్పుడు కళ్లు మూసుకోవాల్సిందే. ఆవిడ కళ్లు మూసింది. బల్ల మీదున్న కాంపాక్ట్ ట్వెల్వ్ చేతిలోకి, ట్వెల్వ్ చేతిలోది బల్ల మీదికి మారిపోయాయి.

హాల్లో ఫ్లాష్‌లు మెరుస్తున్నాయి. రాయబారి భార్య ముందు వరసలో కూర్చుంది. అందరూ ఆవిణ్ని దొరసాని అంటారు. మన భాష మనకంటే బాగా వచ్చు. సోదా చెయ్యడానికి వీల్లేని మనిషి. మేడమ్ కాంపాక్ట్ ఆమె చేతిలో పెట్టి, "మొదటి పీస్ మీకే" అంది. చప్పట్లు మోగాయి.

దొరసాని పక్కనున్న మేకప్ బల్ల దగ్గరికి వెళ్లి స్పాంజి గ్లాసులో ముంచింది. ట్వెల్వ్ పఫ్ పట్టుకుని మేడమ్ వెనక నిలబడ్డాడు.

మొదటిసారి అద్దింది. ఏమీ రాలేదు.

దొరసాని కనుబొమలు ముడిపడ్డాయి. నూనె ఎక్కువైంది, నీళ్లు దిగట్లేదు, చంపేశాను తమ్ముణ్ణి, నా చేతుల్తో నేనే చంపేశాను అనుకున్నాడు ట్వెల్వ్.

దొరసాని ఇంకా తడిపి, గట్టిగా రుద్దింది. అక్షరాలు మెల్లమెల్లగా పైకొచ్చాయి. చదివింది. పెదవుల చివర చిన్న నవ్వు. బొటనవేలితో చెరిపేయబోయింది.

సరిగ్గా అప్పుడే మేడమ్ మెడ సాచి చూసింది. అడ్రస్ చూసింది. ముఖం పాలిపోయింది. "ఆగండ..." అంటూ నోరు తెరిచింది.

ట్వెల్వ్ పౌడర్ పఫ్ ఆ నోటి మీద అదిమిపెట్టాడు. "లిప్‌స్టిక్ చెదిరింది మేడమ్" అన్నాడు పైకి. చెవిలో మాత్రం ఇలా చెప్పాడు. "మీ మెడలో మైక్ ఉంది. మీ మాట కోసం చీఫ్ ఐదేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. చెప్పండి, చెప్పండి."

మేడమ్ చెప్పలేదు. దొరసాని కాంపాక్ట్ మూసి, హుందాగా కారెక్కి వెళ్లిపోయింది. మేకప్ గదిలో చేతులకి సంకెళ్లు పడుతుంటే మేడమ్ ట్వెల్వ్‌ని ఎగాదిగా చూసి, "పగల్లేదే!" అంది. ఆ గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది.

చీకటి పడకముందే నలుగురు హంతకులు ఆ కొత్త అడ్రస్‌కి వెళ్లారు. లోపల, ట్వెల్వ్ లిప్‌స్టిక్‌లో పంపిన కబురుతో ముందే చేరిన డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇరవైమంది ఉన్నారు. కాసేపు కాల్పులు జరిగాయి. నలుగురూ ప్రాణాలతో దొరికారు.

ట్వెల్వ్ ఫొటోలు తీసుకుని లైట్‌హౌస్ రోడ్డుకి పరిగెత్తాడు. తమ్ముడు ఒక్కొక్కటీ చూసి తలూపాడు. నలుగురూ వాళ్లే. తర్వాత సెలైన్ లేని చెయ్యి చాచి అన్నయ్య చొక్కా అంచు పట్టుకున్నాడు. "ఎక్కడికీ వెళ్లకన్నయ్యా" అన్నాడు. ట్వెల్వ్ ఈసారి ఏడుపు ఆపుకోవాలని కూడా చూడలేదు.

అప్పుడే లిప్‌స్టిక్ మోగింది.

"శభాష్" అన్నాడు చీఫ్. గొంతు మాత్రం శభాష్‌లా లేదు. "ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా, రాయడానికి నీకు క్వారీ రోడ్డు నాలుగే దొరికిందా?"

"ఖాళీగా ఉన్న ఇల్లు అదొక్కటే గుర్తొచ్చింది సార్. ప్రతి గోడా కంఠోపాఠం కదా."

"హాలు గోడకి పదకొండు చిల్లులు పడ్డాయి! రేపు పొద్దున్నే బకెట్టు, బ్రష్షు పట్టుకుని రా. సున్నం నువ్వే వెయ్యాలి. తడిగానా, పొడిగానా అని మాత్రం అడిగావో, కాల్చేస్తాను."